రియో దారిలో మూడిళ్లు

పెళ్లయిన రెండేళ్లకు మా ఆయన దక్షిణ అమెరికాకు బయలుదేరారు. నిజామాబాద్‌లో మా ఇంటి గడప దాటి, వీధి అవతలి ఇంట్లో దిగారు. అక్కడ ఏడు రోజులు ఉన్నారు. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, వాళ్లకు ప్రస్థానమంటే ఏమిటో తెలియదు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న కాలమది. ఆయన వ్యవసాయ దఫ్తర్‌లో చెరకు పని చూసేవారు. వారంలో రెండు రోజులు రుద్రూర్ ఫారంలో ఉండేవారు, మిగతా రోజులు ఊళ్లో. ఫ్యాక్టరీకి రసం ఎక్కువుండే చెరకు కావాలి. అలాంటి రకాలు బ్రెజిల్‌లో ఉన్నాయని, రియో నగరంలో చెరకు తెలిసినవాళ్లంతా కూడుతున్నారని, మన రకాలు ఇచ్చి వాళ్లవి తెచ్చుకోవచ్చని దఫ్తర్ పెద్దసారుకు ఉత్తరం వచ్చింది. ఓడలో పోతే నెల దాటుతుంది. అంతలో విత్తనానికి కోసిన చెరకు ముక్కలు ఎండనైనా ఎండుతాయి, కుళ్లనైనా కుళ్లుతాయి. అందుకని గాలిలోనే పోవాలని తేల్చారు. రైలులో మన్మాడు మీదుగా బొంబాయి, అక్కణ్ణుంచి కరాచీ, కరాచీలో విమానం ఎక్కి ఎడారులు దాటి జర్మనీ. అక్కడ దోసకాయలా ఉండే గాలిఓడ ఒకటి ఎక్కితే నాలుగైదు రోజుల్లో సముద్రం దాటించి రియోలో దింపుతుందట. పెద్దసారు వెంట ముక్కల తడి ఆరకుండా చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి మా ఆయన.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ముహూర్తం లేకుండా మాత్రం కదలనివ్వనన్నది అత్తమ్మ. పంతులు వచ్చి ఏ దిక్కు ప్రయాణమని అడిగాడు. ఆయన ఒక బత్తాయి తెచ్చి, గోటితో గీసి ఇది మనం అన్నారు. తిప్పి అవతలి పక్క గీసి ఇది రియో అన్నారు. పడమర పోయినా చేరతాం, తూర్పు పోయినా చేరతాం అని కూడా చెప్పారు. పంతులు బత్తాయిని చాలాసేపు చూశాడు. వారశూల చూడాలంటే ఊరికి ఒక్క దిక్కే ఉండాలి. రెండు దిక్కుల ఊరికి పంతులు పంచాంగంలో చోటు లేదు. చివరికి, గడప దాటి వేసే మొదటి అడుగు ఎటో అదే దిక్కని తీర్మానించాడు. మా గడప పడమటి ముఖం. బుధవారం పొద్దున బాగుంది. ఆ రోజు దాటితే మూఢం వస్తుంది, మళ్లీ మంచి ఘడియ ఎప్పటికోగాని లేదు. వెళ్తూ వెళ్తూ బత్తాయిని పంతులే తీసుకుపోయాడు.

చిక్కల్లా టికెట్ దగ్గరే. అది ఇంకా రాలేదు. ఇలాంటప్పుడే ప్రస్థానం పెడతారు. మంచి ఘడియలో ప్రయాణపు మూట కట్టి ఇంకొకరింట్లో ఉంచితే బయలుదేరినట్టే. మూట పోతే చాలు, మనిషి ఇంట్లోనే ఉండవచ్చని కొందరంటారు. మా అత్తమ్మ అరకొర పనుల మనిషి కాదు. సముద్రాలు దాటే ప్రయాణం గనుక మూట వెంట మనిషి కూడా పోవాలన్నది. పోయినవాడు తిరిగి గడప తొక్కకూడదు. ఒకే చోట ఏడు రోజులు దాటితే ప్రస్థానం చెడుతుంది, ఇంకాస్త ముందుకు జరగాలి. పంచె, తువ్వాలు, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము పెట్టి మూట నాతోనే కట్టించింది. కట్టిన చేతులే విప్పాలన్నది కూడా ఆమే.

మాది పన్నెండు మంది ఉన్న ఇల్లు. ఆ రెండేళ్లలో ఆయనా నేనూ పగటిపూట మాట్లాడుకున్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పెద్దల ముందు మొగుడితో మాట్లాడటం మర్యాద కాదు. పెద్దలు లేని మూల ఆ ఇంట్లో లేదు. పప్పులో పులుపు ఎక్కువైతే ఆయనకు పడదని నాకు తోడికోడలు చెబితే తెలిసింది. మనిషి మంచివాడే అనుకునేదాన్ని. అంతకు మించి తెలియదు.

వీధి అవతలి ఇల్లు బీడీలు చుట్టే ముసలమ్మది. ప్రయాణం ఉందని దఫ్తర్‌లో సెలవిచ్చారు గనుక ఆయన పగలంతా అక్కడే. రోజూ మధ్యాహ్నం ఆయనకు సద్ది ఎవరు తీసుకుపోవాలి? అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, తోడికోడళ్లకు పిల్లలు. ఆ పని నాకు వచ్చింది. ముసలమ్మ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను చూసి చాటతో సహా గోడవైపు తిరిగి కూర్చుంది. వీపుతో అంత మర్యాద చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మొదటి రోజు గిన్నెలు పెట్టి నిలబడ్డాను. పులుపు ఎక్కువైందా అని అడిగాను. లేదు, బాగుందన్నారు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. రెండో రోజు ఆయన పటం పరిచి, దారిలో దిగే ఊళ్లన్నీ నోట్‌బుక్కులోంచి చదివి వేలితో చూపించారు. మా ఊరికీ రియోకూ మధ్య జానెడున్నర ఉంది.

"నడుమల దిగాలనిపిస్తే ఎట్ల?" అన్నాను.

ఆయన నోట్‌బుక్కు మూసి నావైపు చూశారు. "గీ ముచ్చట మా పెద్దసారు సుత అడగలే. గాలిల దిగుడుండది. ఎక్కినంక ఊరొచ్చేదాంక కూసునుడే."

"అయితె పెండ్లి లెక్కనే ఉన్నది."

ముసలమ్మ వీపు కదిలింది. నవ్విందని అర్థమై నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయన మాత్రం తినడం ఆపి నవ్వారు. ఆయన నవ్వితే ఎడమ చెంప మీద సొట్ట పడుతుందని ఆ రోజే తెలిసింది.

ఏడు రోజులైనా టికెట్ రాలేదు. మూట తీసుకొని ఆయన గంజ్ బజారులో పసుపు వ్యాపారి కొట్టు మీది గదికి జరిగారు. నా నడక పెరిగింది, కూర్చునే సేపు కూడా పెరిగింది. విమానంలో మనిషినీ సామానునూ కలిపి తూస్తారట. వ్యాపారి ఆయన్ను పసుపు బస్తాలు తూచే కాంటా మీద నిలబెట్టాడు. తన ఒంట్లో ఎంత తగ్గితే అంత చెరకు ఎక్కువ తీసుకుపోవచ్చని ఆయన లెక్క. ఆ రోజు నుంచి రొట్టె సగమే తినడం మొదలుపెట్టారు. నేను ఆ సగం రొట్టెకే నెయ్యి రెట్టింపు రాశాను. వారం తిరిగినా కాంటా ముల్లు కదలకపోయేసరికి ఆయన కాంటాను అనుమానించారు గాని నన్ను కాదు.

ముక్కల్ని ఎలా చుట్టి తీసుకుపోవాలో ఆయనకు పెద్ద బెంగ. మా పుట్టింట్లో తమలపాకుల్ని తడిగుడ్డలో చుట్టి, పైన అరటాకు కప్పి, పొద్దూ మాపూ గుడ్డనే తడిపేవాళ్లు, ఆకును కాదు. నేనది చెప్పాను. ఆయన పెన్సిల్ తీసి రాసుకున్నారు. కింద "ఇంటామె చెప్పినది" అని కూడా రాశారు. నా మాట ఒకటి కాగితం మీదికెక్కడం అదే మొదటిసారి. ఆ పూట ఇంటికి ఎలా నడిచి వచ్చానో నాకు గుర్తు లేదు.

మూడో మజిలీ స్టేషన్ దగ్గరి సత్రం. ఊరికి ఆ కొసన. నేను చేరేసరికి సద్ది చల్లారిపోయేది, మేమిద్దరమూ పట్టించుకోలేదు. ఆయన పోవాలని నాకూ ఉంది. ఆ చెరకు గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖం చూసినవాళ్లెవరూ పోవద్దనలేరు. కాని టికెట్ వస్తే ఈ మధ్యాహ్నాలు పోతాయి. తిరిగొచ్చాక మళ్లీ పన్నెండు మంది ఇల్లు, గోడలకు చెవులు. టికెట్ రావద్దని లింబాద్రి గుట్ట నరసింహస్వామికి మొక్కుకున్నాను. రావాలని అత్తమ్మ అదే స్వామికి మొక్కింది. పాపం, ఆ స్వామికి ఎంత ఇరకాటమో.

ఒకనాడు ఆయనే అడిగారు. "నేను పోతే నీకు బాధైతదా?"

"పోండ్రి," అన్నాను. "ఇంకొక్క ఇల్లున్నా బాగుండు."

"స్టేషన్ తర్వాత ఇండ్లు లెవ్వు కద," అన్నారు ఆయన.

రెండు రోజులకు పెద్దసారు సత్రానికే వచ్చి పేపరు చూపించారు. ఆ గాలిఓడల్లో ఒకటి దూరదేశంలో దిగబోతూ మంటలంటుకొని కాలిపోయింది. మనుషులు పోయారు. ఇక ఆ ఓడలు నడపరట, ప్రయాణం లేదు. నేను గిన్నెలు పట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయాను. నా మొక్కు అంత దూరం పోయి అంత పని చేసిందా అనుకున్నాను. ఆయన పటం మడిచారు, మళ్లీ విప్పారు, మళ్లీ మడిచారు. "చెరుకు రాదిగ," అన్నారు. ఆ మనిషిని అంత దిగులుగా నేను ఎన్నడూ చూడలేదు. నెయ్యి రాసిన చేతులే నాకు తప్పు చేసినట్టు అనిపించాయి.

మరునాడు ఆయన ఇంటికి వచ్చారు. సముద్రాలు దాటి వచ్చిన మనిషికి చేసినట్టే అత్తమ్మ ఎర్రనీళ్లు దిగదుడిచి లోపలికి పిలిచింది. వీధిలో వాళ్లు రియోలో ఎండలెట్లున్నాయని అడిగి నవ్వారు. నేను వంటింట్లో ఏడ్చాను. సంతోషమని తోడికోడళ్లు అనుకున్నారు. అబద్ధమెందుకు, ఆయన ప్రాణాలతో ఉన్నందుకు సగం, సద్ది మోత ఆగిపోయినందుకు సగం.

అందరూ కూర్చున్నాక, మూట ఏదని అత్తమ్మ అడిగింది. ఆయన నేల చూస్తూ సత్రంలో మరిచి వచ్చానన్నారు. చెరకు గడ మీద మొలకెత్తే కన్ను ఒక్కటి చెడితే దూరం నుంచే కనిపెట్టే మనిషి, మూట మరిచారట.

"కట్టినామెనే ఇప్పాలె అంటివి కదవ్వా," అన్నారు. "ఒక్కతెను ఎట్ల పంపుతం?"

అత్తమ్మ కొడుకును చూసింది. నన్ను చూసింది. నేను తల వంచుకున్నాను.

"ఇద్దరు పోండ్రి," అన్నది. "ఎండ సల్లవడ్డంకనే రాండ్రి."

ఊరి నడుమ నుంచి, ఆయన ముందూ నేను నాలుగడుగుల వెనకా నడిచాం. గంజ్ దాటాక నాలుగడుగులు రెండయ్యాయి. సత్రంలో గూట్లో పెట్టినచోటే ఉంది మూట. ఆయన తీసి నా ముందు పెట్టారు. నేను వేసిన ముడి నాకు తెలియదా, ఒక్క గుంజుకు వస్తుంది. దాని మీద చేయి వేసి కాసేపు కూర్చున్నాను.

"గిది ఇయ్యాల రాదు," అన్నాను. "వచ్చే బుధవారం సూద్దం."

ఆయన మూటను తిరిగి గూట్లో పెట్టారు. ఎడమ చెంప మీద సొట్ట పడింది.

ఒట్టి చేతులతో ఇంటికి వస్తే అత్తమ్మ మూట సంగతి అడగలేదు. బుధవారం మళ్లీ సత్రానికి పోవాలని ఆయనే చెప్పారు. బుధవారం పొద్దున మాత్రం సద్దిగిన్నెలు తానే తోమి, బోర్లించకుండా, నాకు కనబడేలా అరుగు మీద పెట్టింది.