కాపలా ముసలమ్మ

ఇంటి పన్ను అనే మాట వింటే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. పన్ను కట్టినందుకు కాదు. దాన్ని తప్పించుకోవడానికి మేం ఆడిన భాగోతానికి.

డెబ్భైల మొదట్లో చోడవరంలో ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన హైస్కూలు మాస్టారు. ఊరందరికీ చెప్పేవి శ్రీరంగనీతులే. ఇల్లు పూర్తయి కాపురం పెడితేనే పంచాయతీ వాళ్ళు పన్ను వేస్తారనీ, పాలు పొంగించనంత కాలం ఇంకా కడుతున్నట్టే లెక్క అనీ ఎవరో ఆయన చెవిలో ఊదారు. అంతే, వీధి గోడకి సున్నం ఆపేశారు. వాకిట్లో ఇసక కుప్ప అలాగే ఉంచారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, దొంగల్లా పెరటి దారిన సామాన్లు చేర్చుకుని కొత్తింట్లో దిగాం. వీధి తలుపు తియ్యకూడదు, గొంతెత్తి మాట్లాడకూడదు. ఎంత ఖర్మ! అన్నిటికీ నేనూ ఊఁ కొట్టాను.

ఒక ఆదివారం మా అమ్మ చీడికాడ నుంచి చూడ్డానికి వచ్చింది. చెరకు పొలాల్లో ఎండకి నల్లబడిన మనిషి, ముతక చీర. ఊరికే కూర్చునే రకం కాదు. వాకిట్లో ఇటుక ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. అప్పుడే పంచాయతీ బిల్లు కలెక్టరు సైకిలు దిగాడు. మా ఆయన గుమ్మం ముందు ఉన్నారు, నేను మూసిన తలుపు వెనక.

"ఏటండీ మాస్టారూ, కాపురం వచ్చేసేరట?"

"అబ్బే, పని తెమిలిందెక్కడండీ? తలుపులకి రంగులే పడలేదు."

"మరి ఈవిడెవరండి?"

మా ఆయన తడుముకోలేదు. "కాపలాకి పెట్టిన ముసల్దండీ" అనేశారు.

అమ్మ ఒక్కసారి ఆయన వంక చూసింది. తల దించుకుని, "అవును బాబూ, కాపలా కాస్తన్నాను" అంది. తలుపు తీద్దామంటే నాకు చెయ్యి రాలేదు.

అతను అరుగు మీద కూలబడి, "ముసలమ్మా, కాసిన్ని మంచినీళ్ళియ్యి" అన్నాడు. నీళ్ళ బిందె లోపల నా పక్కనే ఉంది. తలుపు తీస్తే గుట్టు బయటపడుతుంది. అమ్మ రోడ్డు దాటి, ఎదురింటి గుమ్మంలో నిలబడి నీళ్ళడిగింది. కన్నకూతురి ఇల్లు ఉండగా ముక్కూ మొహం తెలీని వాళ్ళ ముందు చెయ్యి చాచింది. ఇక నా వల్ల కాలేదు. తలుపు భళ్ళున తీశాను.

"ఆవిడ మా అమ్మ. ఇది మా ఇల్లు. కాపురం పెట్టి నెల దాటింది. రాసుకోండి!"

అతను అరుగు మీంచి లేచిపోయాడు. అమ్మ తెచ్చిన గ్లాసు రెండు చేతులా అందుకుని, "తప్పయిపోయింది తల్లీ" అన్నాడు. మా ఆయన అటు తిరిగి నిలబడ్డారు. ఆ అర్ధ సంవత్సరం నుంచే పన్ను పడింది.

అమ్మ నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. మూట సర్దుకుంటూ, "నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేటి పోయిందే? నలుగురిలో మొగుడి పరువు తీసేసేవు" అంది. ఎంత బతిమాలినా అన్నం తినకుండా బస్సెక్కేసింది.

తర్వాత మంచిరోజు చూసి పాలు పొంగించాం. రమ్మని అమ్మకి కబురు పెట్టాను. కబురు తీసుకెళ్ళిన మనిషి చేతే తిరుగు కబురు పంపింది.

"నేనొస్తే అల్లుడుగారు తలెత్తుకుని పీటల మీద కూసోలేరే. ఆయన సిగ్గు తీరేక సూద్దాంలే."