రాజమణి పోయిన గల్లీ

దబీర్‌పురాలో ఇంటింటికీ తిరిగి నీళ్లలో వేసే క్లోరిన్ గోలీలు పంచే రాజమణికి పదకొండేళ్లుగా ఒకటే అలవాటు. వాంతులు, విరేచనాలు ఉన్న ఇంటి తలుపు మీద సుద్దతో గీత గీసి, ఆ ఇంటికి మళ్లీ మళ్లీ పోయేది. ఎన్నిసార్లు పోయిందో, ఎందరు పడకేశారో ఉన్నదున్నట్టు రిజిస్టర్లో రాసేది. మొగుడు ప్రకాశం పోయాక ఆ గల్లీలే ఆమె సంసారం. చివరికి ఆ నిజాయితీయే కొంప ముంచింది.

గోలీలిచ్చే ట్రస్టుకు వైకుంఠం సారు కొత్తగా వచ్చాడు. గల్లీ నంబరంటే పేరే తప్ప కొలత కాదని తెలియక, నంబర్లన్నీ కూడి సగటు కూడా తీశాడు మహానుభావుడు! రాజమణి ఎక్కువగా తిరిగిన మూడో గల్లీలోనే కేసులూ ఎక్కువని తేలింది.

"కోరిలేషన్ మస్తు గట్టిగున్నది. రోగాన్ని ఇంటింటికీ మోస్తున్నది ఈమెనే," అన్నాడు.

లెక్కలు చేసే తన్మయి నసిగింది. "రెండూ కలిసి పెరిగితే ఒకటి ఇంకోదానికి కారణమని కాదు సార్. రోగమున్న కాడికే ఆంటీ పోతది. అసలు కారణం వేరే ఉండొచ్చు. గా గల్లీల నల్లా పైపు మోరీ మురుగులకెల్లి పోతది."

"నీ నౌకరీ ఇంకా పక్కా కాలే గదా, బిడ్డా?"

తన్మయి మళ్లీ లెక్కల కాగితాల మీదికి వంగింది. అక్కడే నిలబడి వింటున్న రాజమణికి ఒళ్లు మండింది.

"గోరీలు తవ్వే చాంద్‌భాయ్ పోయిన కాడల్లా శవముంటది. గాయనే సంపిండంటవా సారూ?"

ఆ పూటే ఆమెను పనిలోంచి తీసేశారు. మూడో గల్లీకి మరెవరూ పోలేదు, ఎవరూ రాయలేదు. మూడు నెలలు రిజిస్టర్లో కేసులు సున్నా. వైకుంఠం ఆ సున్నాలున్న కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు.

నాలుగో నెలలో ఆ గల్లీలో ఉండే మున్నీ ఏడ్చుకుంటూ రాజమణి ఇంటికి వచ్చింది. రెండేళ్ల కొడుక్కు పొద్దుటి నుంచి విరేచనాలు. రాజమణి ఉరికింది. పిల్లాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కింది గానీ, ఆసుపత్రి గేటు దాటకముందే వాడు చల్లబడ్డాడు. అయ్యో, ఎంత బరువుగా తోచాడో!

మర్నాడే ఆమె ఆఫీసుకు పోయింది. "నాకు నౌకరీ వద్దు సారూ. గీ పిలగాని సావు రిజిస్టర్ల రాయిండ్రి చాలు. రాస్తేనే పైపు బాగుచేస్తరు, లేకుంటే ఇంకో పిలగాడు పోతడు."

"నువ్వు పోయినవా ఆ ఇంటికి?"

"పోయిన సారూ. నా చేతులల్లనే పాణమిడిసిండు."

వైకుంఠం తన్మయి వైపు తిరిగాడు. "చూసినవా? మూడు నెలలు ఈమె పోలే, కేసు లేదు. ఒక్కపాలి పోయింది, కేసొచ్చింది. ఎక్కించు. పోయింది ఒకసారి, కేసు ఒకటి."

తన్మయి తల వంచుకుని ఎక్కించింది.