మడి కట్టుకొన్న ఫ్రిజ్జు

పోయిన వారం ఆదోనిలో దంతవైద్యుడు నా కింది దవడలో మిగిలిన పళ్లను కూడా తీసివేసి, కొన్నాళ్లపాటు నమలవలసినదేదీ నోట పెట్టవద్దనీ, చల్లగా, మెత్తగా ఉన్నవే తీసుకొమ్మనీ చెప్పి పంపినాడు. ఆ సంగతి తెలిసిన మా అన్నగారి కూతురు హైదరాబాదు నుండి ఫోను చేసి, ఈ రోజుల్లో అదొక కష్టమే కాదనీ, స్మూతీలు, సూపులు, పండ్ల గుజ్జుతో చేసే ఐసులు బోలెడన్ని ఉన్నాయనీ ధైర్యం చెప్పి, వాటిని చేసే వీడియోలు వరుసగా పంపింది. నేను కళ్లద్దాలు సర్దుకొని ఒక్కొక్కటే చూచినాను. ఒకే గాజు గ్లాసులో పాలు, పెరుగు, పండు, నానిన గింజలు అన్నీ కలిపి తిప్పి నవ్వుతూ తాగుతున్న ఒక అమ్మాయిని చూస్తూ, ఇది ఏ నెల అని నాకు తెలియకుండానే లెక్క వేసుకొన్నాను. శ్రావణం, ఏకాదశి దాటింది. పెరుగు కూడదు. కూడదని చెప్పవలసిన మనిషి ఇంట్లో లేక చాలా ఏండ్లయినది.

మంత్రాలయం వైపు మాధ్వుల ఇళ్లు ఎరిగినవారికి చాతుర్మాస్యం గురించి నేను చెప్పనక్కరలేదు. తక్కినవారికోసం రెండు మాటలు చెబుతాను. తొలి ఏకాదశితో మొదలై కార్తీకంలో ముగిసే నాలుగు నెలల వ్రతమది. మొదటి నెల కూరగాయలు, పండ్లు కూడవు, ఒక్క మామిడికి మాత్రం మినహాయింపు ఉన్నది. రెండవ నెల పెరుగు, మూడవ నెల పాలు, నాలుగవ నెల పప్పుధాన్యాలు విడిచిపెట్టవలెను. ఉల్లి, వెల్లుల్లి, టమోటా, క్యారెట్టు మా వంటింటి గడప ఏ నెలలోనూ దాటేవి కావు. మా తండ్రిగారు గుడిలో పురాణం చెప్పి జీవించిన మనిషి. నేను ఎమ్మిగనూరులో ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రం బోధిస్తూ, ఆదోని నుండి ప్రతి ఉదయం బస్సులో పోయి సాయంకాలం వచ్చేదానను. పెండ్లి చేసుకోలేదు; ఎందుకన్నది ఇక్కడ అప్రస్తుతం. మా అమ్మ పోయిన తరువాత ఆ ఇంట్లో మేమిద్దరమే ఉండేవారము.

ఒక వేసవి చివరలో మా తండ్రిగారికి పక్షవాతం సోకింది. కుడిచేయి కొంత కోలుకొన్నది, మాట తిరిగి వచ్చింది, గుటక వేయడం మాత్రం సరిగా రాలేదు. అన్నం గొంతులో నిలిచిపోయేది, మంచినీళ్లు పొలమారి ఊపిరాడనిచ్చేవి కావు. మరీ పలచనిది వద్దు, గట్టిది వద్దు, చిక్కగా జారేదే పట్టవలెననీ, నాలుకకు చల్లదనం తగిలితే గుటక సులువవుతుందనీ వైద్యుడు చెప్పినాడు. అనంతపురంలో ఉద్యోగం చేస్తున్న మా అన్నగారు వచ్చి చూచి, తండ్రిని తన ఇంటికి తీసుకొని పోతానన్నారు. ఆదోని వదిలి, తాను పురాణం చెప్పిన గుడిని వదిలి కదిలేది లేదని ఆయన అన్నారు. కార్తీకం దాకా గడువు పెట్టి, అప్పటికి అన్నం తినే స్థితికి రాకపోతే తీసుకొని పోవడం తప్పదని మా అన్నగారు తేల్చినారు. నేను ఒప్పుకొన్నాను. తండ్రిగారు వెళ్లిపోతే సాయంకాలం బస్సు దిగి నేను తీసే తలుపు వెనుక ఎవరూ ఉండరన్న సంగతి ఆనాడు నేను ఎవరితోనూ అనలేదు.

తీరా తొలి ఏకాదశి రాగానే ఆయన యథాప్రకారం వ్రతానికి సంకల్పం చెప్పుకొన్నారు. వైద్యుడు చెప్పిన అరటిపండు, కాయగూరల సూపు మొదటి నెలకే పనికిరానివై పోయినవి. నాకు మిగిలినవి పాలు, పెరుగు, పప్పు, మామిడి. సీజను చివర వచ్చే నీలం మామిడిని తెచ్చి, గుజ్జు తీసి వడగట్టి, కాచి చల్లార్చిన చిక్కటి పాలలో మిక్సీలో వేసి తిప్పేదానను. పెసరపప్పును మెత్తగా ఉడికించి, మిరియాలు, జీలకర్ర వేసి, వడగట్టి, కొంచెం నెయ్యి కలిపి సూపు చేసేదానను. చిక్కదనం చూడడానికి గరిటెను ఏటవాలుగా పట్టి, జారే వేగాన్ని ప్రయోగశాలలో పిల్లలకు చూపినట్లు చూచుకొనేదానను. మొదటి రోజు పప్పు మరీ గట్టిపడింది. ఆయన చెంచాను తలకిందులు చేసి చూచినారు. అది కింద పడలేదు.

"అమ్మాయీ, ఇది తాగేదా, గోడకు మెత్తేదా?"

జబ్బు చేసిన తరువాత ఆయన చేసిన మొదటి పరిహాసమది. నేను గట్టిగా నవ్వే అలవాటు లేనిదానను. ఆ రోజు వంటింట్లోకి పోయి నవ్వినాను.

చల్లదనం కావాలంటే ఫ్రిజ్జు కావాలి. అంతవరకు మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు, నిలవ ఉంచినది తినే అలవాటు లేనందువల్ల దాని అవసరమూ కలుగలేదు. నేను కొని తెచ్చి ముందు గదిలో పెట్టించగానే ఆయన ఒక పూటంతా దాని వైపు చూడలేదు. మరునాడు పిలిచి, పుణ్యాహం చేయించి, కడిగించి, వంటింటి పక్క గదిలోకి మార్పించినారు.

"ఇది మడి బీరువా అనుకో. వండి మిగిలిందిగాని, ఇంకొకరి ఇంటి సీసాగాని దీంట్లోకి పోగూడదు. మడిలో ఉంటేనే తలుపు ముట్టాల."

నియమం స్పష్టంగా ఉంటే నాకు సంతోషమే. స్నానం చేసి, తడిపి పిండిన చీరతోనే పోయి, తడిచేతితో ఆ ఇనుప తలుపు పట్టుకొన్నాను. మోచేతి దాకా జివ్వున లాగి, ఇత్తడి గిన్నె చేతిలోనుండి ఎగిరిపడి, మామిడి పాలు గదంతా పరచుకొన్నవి. చప్పుడు విని గోడ పట్టుకొని వచ్చిన మా తండ్రిగారు, నాకేమీ కాలేదని తెలిసిన తరువాత, కాసేపు ఫ్రిజ్జును, కాసేపు నన్ను చూచినారు.

"నువ్వు మడిలో ఉండావని కరెంటుకు తెలిసినట్టు లేదే. తడిచేత్తో ముట్టుకోగూడదని బడిలో పిల్లలకు చెప్పేది నువ్వేగదమ్మా?"

పట్టుబట్టకు మైల లేదు గనుక ఆ తరువాత మేమిద్దరమూ పట్టుబట్టతోనే ఆ తలుపు తీసేవారము. నేను బడికి పోతే మధ్యాహ్నం ఆయనే తీసుకొని తాగవలెను. తెల్లవారుజామున పాతబడిన పెండ్లిళ్ల పట్టుచీర కట్టుకొని ఫ్రిజ్జులో గిన్నెలు సర్దే నన్ను చూచి, పాలు పోయడానికి వచ్చే ఆమె ఈ రోజు ఎవరి పెండ్లి అని అడిగేది.

రెండవ నెల కూరగాయలు తిరిగి వచ్చినవి, పెరుగు పోయినది. బీరకాయ, బూడిదగుమ్మడి ఉడికించి, చిక్కదనానికి వరిపిండి జావ కలిపి, మిరియాలపొడి చల్లి సూపులు చేసినాను. ఉల్లి లేని సూపుకు రుచి ఎక్కడిదని బడిలో తోటి ఉపాధ్యాయినులు ఆటపట్టించేవారు. నెయ్యిలో జీలకర్రను ఎంతవరకు వేయించవలెనో తెలిస్తే ఉల్లి లోటు తెలియదని వారికి చెప్పినాను, వారు నమ్మలేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే నా కన్ను గడియారం మీదికి పోయేది. ఆదోనిలో ఆయన ఈ క్షణాన పట్టుపంచె సర్దుకొని, ఎడమచేత్తో తలుపు తీసి, నేను మూతపెట్టి ఉంచినది తీసుకొంటున్నారని ఊహించుకొంటూ, ఎమ్మిగనూరులో నా డబ్బా విప్పుకొని తినేదానను. మేమిద్దరమూ ఎవరికి వారము ఒంటరిగానే తిన్నా, ఆ వేళ ఒకే పంక్తిలో కూర్చున్నట్లు నాకు తోచేది. సాయంకాలం నేను రాగానే ఆయన ఆనాటి దానికి గుణదోషాలు చెప్పేవారు. అంతవరకు మా మధ్య అవసరమైన మాటలే నడిచేవి. ఆ నెలల్లో బీరకాయ దగ్గర మొదలైన మాట మా అమ్మ చేతి వంట దాకా, ఆయన చిన్ననాటి గురుకులం దాకా పోయేది.

మూడవ నెల పాలు కూడవు. పెరుగును బట్టలో కట్టి నీరు వార్చి, బెల్లం, ఏలకులు కలిపి, చిన్న ఇత్తడి గిన్నెలలో గడ్డకట్టించినాను. అది కరిగినా చిక్కగానే ఉండి పొలమారదు, చల్లదనమూ దొరుకుతుంది. గుటక కొంత మెరుగుపడింది గాని మనిషి మాత్రం తగ్గినారు. ఆ సమయానికి మా అన్నగారు బలానికని పొడి డబ్బాలు తీసుకొని వచ్చినారు. నేను డబ్బా తిప్పి చదివినాను. అందులో మొదటి పదార్థమే పాలపొడి. పక్కన పెట్టినాను. అన్నగారు నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగినారు.

"నాయనకు చెప్పేదెందుకు? పెరుగులో కలిపితే తెలుస్తుందా ఏమన్నా?"

"తెలీదు."

"మరి?"

"తెలీదు కాబట్టే కలపను, అన్నా."

"నీ నియమాలకు ఆయన ఎముకలు తేలినాయి. కార్తీకం దాకా ఓర్చుకుంటా. ఆపైన తీసకపోతా. నువ్వు అడ్డం రావద్దు."

మా అన్నగారిది అన్యాయమని నేను అనను. ఆయనకు కావలసినది తండ్రి ప్రాణం. నాకూ అదే కావలెను, అంతకుమించి తండ్రిగారు ఈ ఇంట్లోనే ఉండడం కావలెను. ఆ రాత్రి డబ్బాను అలమారలో పెట్టి, మరల తీసి, మరల పెట్టినాను. ఒక చెంచాడు కలిపితే ఆయన నిలుస్తారేమో, నిలిస్తే నా దగ్గరే ఉంటారేమో. పెరుగు మామూలుగానే చేసినాను. మరునాడు ఉదయం గిన్నె తెచ్చి ఇచ్చినపుడు ఆయన వెంటనే అందుకోలేదు. ముందునాటి మా వంటింటి మాటలు విన్నారని అపుడు తెలిసింది.

"ఇందులో ఏముందని నేనెప్పుడన్నా అడిగినానా అమ్మాయీ?"

"లేదు నాయనా."

"అడగను."

గిన్నె అందుకొని, చెంచా తరువాత చెంచా నిదానంగా తిని, ఖాళీ గిన్నె నా చేతికిచ్చినారు.

నాలుగవ నెల పప్పులు పోయినవి. మా ఇంటి ఆచారంలో గింజలెక్కువ ఉన్న కాయలు కూడా ఆ నెల కూడవు. గెనుసుగడ్డ, అంటే చిలగడదుంప, ఉడికించి, కొబ్బరిపాలతో కలిపి, శొంఠి వేసి వెచ్చని సూపు చేసినాను. పాలు తిరిగి వచ్చినవి గనుక చిక్కగా కాచి గడ్డకట్టించి పెట్టినాను. ఆ నెలలోనే ఆయన బుగ్గలు నిండినవి. నేను క్రమంగా చిక్కదనం పెంచుతూ, జావను సంకటిగా, సంకటిని మెత్తని అన్నంగా మార్చుకొంటూ వచ్చినాను. ఏకాదశి ఉపవాసం దగ్గర మాత్రం వైద్యుడి మాటా, నా మాటా చెల్లలేదు.

కార్తీక ద్వాదశి పారణకు మా అన్నగారు కారు మాట్లాడుకొని వచ్చినారు. వ్రతం సమర్పించి, ఆకు ముందు కూర్చున్న తండ్రిగారికి నేను అన్నం వడ్డించి చారు పోసినాను. ఎడమచేతిని నేలకు ఆనించి, కుడిచేత్తో చిన్న ముద్ద కలిపి ఆయన నోట పెట్టుకొంటుంటే నేనూ మా అన్నగారూ ఆయన గొంతు వైపే చూచినాము. ముద్ద దిగింది. రెండవది దిగింది. మూడవ ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండా, చారులో ఉప్పు తక్కువైందని అన్నారు. మా అన్నగారు ఉప్పు గిన్నె తానే తెచ్చి పెట్టి, తన ఆకు ముందు కూర్చుని, ముద్ద కలుపుకొంటూ "సరే, ఈడనే ఉండండి" అన్నారు. కారు ఆయనొక్కరితోనే తిరిగి పోయినది.

మా తండ్రిగారు ఆ తరువాత కూడా నా దగ్గరే ఉన్నారు, చివరి దాకా అన్నమే తిన్నారు. నేను కోరుకొన్నది కోరుకొన్నట్లే జరిగింది. అన్నం తినసాగిన తరువాత మిక్సీ పని తగ్గింది, గుణదోషాల ముచ్చట్లూ తగ్గి మేము పాత మౌనానికి మెల్లగా మరలినాము. ఆయన పోయిన తరువాత ఆ మౌనం కూడా లేకుండా పోయినది.

ఈనాడు ఏ నెలలోనైనా ఏదైనా కలుపుకొనే స్వాతంత్ర్యం అందరికీ ఉన్నది, నాకూ ఉన్నది. మా అన్నగారి మనుమలు సెలవులకు వచ్చినపుడు మామిడి పాలు చేసి ఇస్తే, చక్కెర ఎంత వేసినారు, ఏ పాలు, ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు అని విచారించిన తరువాతనే పెదవికి ఆనిస్తారు. అడగడం తప్పని నేననను. బడిలో అడగమని నేర్పినదానను నేనే. ఇన్ని నిషేధాలు పెట్టుకొన్న ఒక మనిషి మాత్రం నాలుగు నెలలు నా చేతి గిన్నెను ఏమీ అడగకుండా అందుకొన్నాడు. అటువంటి గిన్నె మరొకటి నింపాలని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవరికని నింపవలెనో తెలియదు.