గొంతు మీద నడిచిన వ్యాను

ఫ్రేములాయన వ్యాను రెండేళ్ళపాటు పెట్రోలు లేకుండా నడిచింది. వాళ్ళావిడ గొంతు మీద నడిచింది. ఆవిడ చదివితే కదిలేది, ఆవిడ ఊరుకుంటే ఆగిపోయేది. చూసినవాళ్ళు వీధి నిండా ఉన్నారు. సరే, పెట్రోలు కూడా కాస్త పోశారు, ఆ మాట దాచడమెందుకు. కానీ ఎంత పోసినా ఆవిడ నోరు తెరిచేదాకా ఆ బండి మొండికేసి కూర్చునేదన్నది మాత్రం నిజం. పోనీ, ముప్పాతిక నిజం.

ఫ్రేములాయన అంటే ఫొటోలకు చట్రాలు కట్టే ఆయన. వీధి మలుపులో, మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయేంత కొట్టు. అద్దం మీద ఒక్క గీత గీసి పుటుక్కున విరిచాడంటే, అంచు తడిమినా వేలు తెగేది కాదు. చట్రం మూల వెంట్రుకవాసి పక్కకు పోయినా ఆయన కంటికి దొరికిపోయేది. చిన్న చిన్న మేకులు పెదాల మధ్య పట్టుకుని పని చేయడం వల్లనో ఏమో, మాట తక్కువ. ఆ లోటు వాళ్ళావిడ తీర్చేది. ఆవిడ కాన్వెంటులో పసిపిల్లలకు ఇంగ్లీషు చెప్పిన పంతులమ్మ. ఇద్దరికీ పిల్లలు లేరు. అందుకని అద్దాలు మోయడానికని కొన్న సెకండ్‌హ్యాండు వ్యానులో సెలవు దొరికితే చాలు ఆవిడ తరఫు చుట్టాలంతా ఎక్కేవాళ్ళు. "బావా, ఇది బండి కాదు, మా వంశవృక్షం. నువ్వు వేరు దగ్గర కూర్చుని తోలుతున్నావు" అనేవాడు బావమరిది.

ఆ తర్వాత ఆవిడ రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించాలన్నారు. ఆ మిషను ఉన్న ఆసుపత్రి కొండదారి ఎక్కి దిగాక, అవతలి పక్క ఉంది. బస్సు మెట్లెక్కే శక్తి ఆవిడకు లేదు. తిరిగొచ్చేటప్పుడు కూర్చునే శక్తి కూడా ఉండేది కాదు, మధ్య సీటులో పడుకోబెట్టి తేవాలి. అందుకని ఆ వ్యాను ఆగిపోతే ఆవిడ ఆగిపోతుంది. లెక్క అంత సులువుగా ఉండేది.

వ్యాను మాత్రం తన వయసు తాను చూసుకుంది. షెడ్డులో మేస్త్రీ బానెట్ ఎత్తి, లోపలికి చూసి, మళ్ళీ మెల్లగా దించేశాడు. దీని మీద పెట్టేది దండగ, తుక్కుకిచ్చెయ్యండి అన్నాడు. బావమరిదీ అదే పాట. తూకం వేస్తే బావకంటే ఆ బండికే ఎక్కువ పలుకుతుందని కూడా చెప్పాడు. ఫ్రేములాయన బండిని ఇంటికి తోలుకొచ్చేశాడు. పటాల వెనక వేసే అట్టల కోసం పాతకాగితాల దుకాణానికి వెళ్ళినప్పుడు, ఆ కుప్పలో సరిగ్గా తన వ్యాను బొమ్మే అట్ట మీదున్న లావుపాటి రిపేరు పుస్తకం కనిపించింది. అట్టలు మర్చిపోయి దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఫ్రేములాయనకు ఇంగ్లీషులో అంకెలు వచ్చు, బోర్డుల మీది పేర్లు వచ్చు, అంతే. కాబట్టి పద్ధతి ఇలా కుదిరింది. ఇంటి ముందు వ్యాను పక్కతలుపు జరిపి, వీపుకు దిండు పెట్టుకుని, మధ్య సీటులో ఆవిడ, ఒళ్ళో పుస్తకం. కింద, అట్టముక్క పరుచుకుని వెల్లకిలా ఆయన. వరసగా అంకెలు వేసి రాసిన పనుల్ని ఆవిడ ఒక్కో అంకె చొప్పున ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పి, ఆగేది. ఆయన దాన్ని అప్పజెప్పాలి. అప్పజెప్పాకే పానా ముట్టుకోవాలి. పిల్లల దగ్గర ఎలా నడిపిందో మొగుడి దగ్గరా అలాగే నడిపింది.

"అప్పజెప్పండి."

"ముందు బ్యాటరీ తీగ తీయాలి. నలుపుది ముందు."

"ఎందుకు?"

"ఎందుకో పుస్తకంలో ఉందా?"

"లేదు. నేనడుగుతున్నాను."

"చస్తానని."

"ఫరవాలేదు, పాసయ్యారు."

అలా ఆయిలు మార్చారు, ప్లగ్గులు మార్చారు, బెల్టు మార్చారు, రేడియేటరు గొట్టం మార్చారు. పెద్ద అక్షరాల్లో హెచ్చరిక కనిపిస్తే, పుస్తకం రాసినవాడికి మీ సంగతి ముందే తెలిసినట్టుంది అనేది. కంపెనీ షెడ్డుకే తీసుకెళ్ళాలని రాసి ఉంటే, ఇక్కడ పుస్తకం చేతులెత్తేసింది, మనమూ ఎత్తేద్దాం అని పేజీ తిప్పేసేది. దారినపోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. బండి బాగుపడిందని కాదు, ఫ్రేములాయన అన్ని మాటలు మాట్లాడటం వాళ్ళెప్పుడూ వినలేదు.

రెండో ఏడు వచ్చేసరికి ఆవిడ గొంతు సన్నబడింది. ఒక అంకెకూ ఇంకో అంకెకూ మధ్య ఊపిరి తీసుకునేది. కిందున్నాయనకు వినపడక మాటిమాటికీ తల బయటపెట్టేవాడు. ఆయనకు కూడా నడుము పట్టేసి, ఒకసారి కిందికి దూరితే మళ్ళీ లేవడం ఒక పెద్ద కార్యక్రమమైపోయింది. ఎవరి నొప్పి వాళ్ళు దాచుకున్నారు. ఎదుటివాళ్ళది మాత్రం ఇద్దరికీ తెలుసు.

అలాంటప్పుడు, మర్నాడు ఆసుపత్రి అనగా, వెనక చక్రం లోపలివైపు తడి కనిపించింది. బ్రేకు ఆయిలు గొట్టం చీలింది. పొద్దుటి నుంచీ తుంపర. ఆయన గొట్టం మార్చాడు. మార్చాక ఆ గొట్టాల్లో దూరిన గాలిని బయటికి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర విప్పాలి, బుడగలు పోయాక బిగించాలి. ఆవిడ డ్రైవరు సీటులోకి మారి, పుస్తకాన్ని స్టీరింగుకు ఆనించుకుంది.

"తొక్కు" అన్నాడాయన. తొక్కింది. "పట్టుకో." పట్టుకుంది. "వదులు."

చాలాసేపటికి ఆ చక్రంలో బుడగలు ఆగాయి. మిగతా చక్రాల సంగతేమిటో అడగడానికి ఆయన పాకుతూ బయటికొచ్చాడు. లేవబోతే నడుము నిలబడలేదు. తలుపు పట్టుకుని, తాను కొట్టే చట్రం మూలలా లంబకోణంలో వంగిపోయి ఉండిపోయాడు. అలా వంగి ఉండటం వల్ల ఆవిడ కాలు ఆయన కళ్ళకు ఎదురుగా వచ్చింది. వాచి, చెప్పు పట్టీలు మాంసంలో గాడి తీసి, పెడలు మీద బొటనవేలు వణుకుతోంది. ఆవిడ ఆయన వీపు చూసింది. తర్వాత పుస్తకం చూసింది.

"అంతే. ఇక్కడితో అయిపోయిందట" అంది.

ఆయన పేజీ వైపు చూశాడు. అంకెలు ఆయనకు వచ్చు కదా. ఆవిడ వేలు ఆగినచోటు నుంచి అంకెలు వరసగా పేజీ అడుగు దాకా దిగి ఉన్నాయి, పక్క పేజీలోనూ ఉన్నాయి. ఆవిడ అప్పజెప్పమనలేదు.

"అయితే సర్దేస్తాను" అన్నాడు.

సర్దాక ఒకసారి పెడలు తొక్కి చూశాడు. దూదిలో కాలు పెట్టినట్టు దిగి, ఎక్కడో అడుగున పట్టుకుంది. కొత్త గొట్టం, రేపటికి సర్దుకుంటుంది అని తనకు తాను చెప్పుకున్నాడు. ఇంకోసారి తొక్కమని ఆవిడను అడగలేకపోయాడు.

మర్నాడు ఎక్కినంతసేపూ బండి బాగానే ఎక్కింది. దిగేటప్పుడు రెండు మలుపులదాకా పట్టింది. మూడో మలుపు దగ్గర పెడలు నేలకు అంటుకుపోయి, మళ్ళీ పైకి రాలేదు. ఆయన ఏమీ అనకముందే, మధ్య సీటులో నుంచి ఆవిడ గొంతు వినిపించింది. రెండేళ్ళనాటి గొంతు, ఖంగుమంటూ.

"గేరు తగ్గించండి. హ్యాండ్ బ్రేకు మెల్లమెల్లగా లాగండి."

ఆయన అలవాటు కొద్దీ అప్పజెప్పాడు.

"గేరు తగ్గించాలి, హ్యాండ్ బ్రేకు మెల్లమెల్లగా" అని పూర్తిగా అప్పజెప్పి, అప్పుడు గేరు మీద చెయ్యి వేశాడు. వీధిలో కొందరు ఇది నమ్మరు. ఆ ఇద్దరినీ తెలిసినవాళ్ళు నమ్ముతారు.

కుడివైపు ఎదురొచ్చే బండ్లు. ఎడమవైపు రాతిగోడ. ఆయన బండిని గోడకు ఆనించి పోనిచ్చాడు. గోడ పొడుగునా ఒరుసుకుంటూ, అద్దాలు రాలుస్తూ, ఆగింది. ఆయనకు పెదవి చిట్లింది, అంతే. ఆవిడ ఎడమవైపు కిటికీ పక్కన ఉంది.

ఆవిడ ఎడమచేతిలో, మిషనుకు తగిలించడానికి వీలుగా, రెండు నరాలు కలిపి కుట్టిన చోటు ఒకటుంది. దాని మీద అరచెయ్యి ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు రొద తెలిసేది. మిషను పక్కన కూర్చున్నంతసేపూ ఫ్రేములాయన దాని మీద చెయ్యి వేసుకునే ఉండేవాడు. ఆ రోజు నలిగిన తలుపు కింద నుంచి ఆవిడ చెయ్యి బయటికి తీశాక, ముందు అక్కడే తడిమాడు. రొద లేదు.

ఎవరో లారీ ఆయన ఆసుపత్రికి చేర్చాడు. ఇక ఆ చెయ్యి పనికిరాదన్నారు డాక్టర్లు. మెడలో గొట్టం పెట్టారు. గొట్టం పెట్టినచోట చీము పట్టి, జ్వరం మొదలైంది.

ఆ జ్వరంలో ఆవిడ చూడవచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. నర్సుకు చెప్పింది, పక్కమంచం ఆవిడకు చెప్పింది, తమ్ముడికి చెప్పింది. తప్పు తనదే, ఆయన నడుము చూడలేక మిగతాదంతా చదవకుండా మూసేశానని. తమ్ముడు వరండాలోకి వచ్చి, నిజమేనా బావా అని అడిగాడు. మీ అక్కకు జ్వరం, ఏవేవో అంటోంది అన్నాడు ఫ్రేములాయన.

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు తెరిచింది.

"నేను మొత్తం చదవలేదు కదూ" అంది.

"చదివావు. నేనే బద్ధకించి చెయ్యలేదు."

"మరి అప్పజెప్పమన్నానా?"

"అన్నావు. అప్పజెప్పాను కూడా. నాలుగు చక్రాలూ."

ఎన్నో ఏళ్ళు పసిపిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి. ఆయన మొహంలోకి చూసింది.

"అయితే ఆ రోజు మీకు తెలుసన్నమాట" అంది.

ఆయన దుప్పటి అంచు సరిచేశాడు. నలుగు లేకుండా, రెండువైపులా సమానంగా. మళ్ళీ సరిచేశాడు.

"ఇద్దరం మూర్ఖులమే" అందావిడ. ఆ మాట అన్నప్పుడు నవ్విందో లేదో పక్కమంచం ఆవిడకు కూడా తెలియలేదు. తర్వాత ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. చలికాలం వెళ్ళకుండానే పోయింది.

వ్యానును బావమరిదే తుక్కుకు పంపించాడు. ఈసారి తూకం గురించి ఏమీ అనలేదు. ఫ్రేములాయన కొట్టు తెరిచాడు. మేకులు పెదాల మధ్య పెట్టుకుని, ఎవరి పటాలో కడుతూ కూర్చుంటాడు. పాపం మీ ఆవిడ మీ మీద జాలిపడి ఆ పేజీలు వదిలేసిందటగా అని ఎవరైనా మాట కదిపితే మాత్రం, మేకులన్నీ ఒక్కొక్కటిగా తీసి బల్ల మీద పెడతాడు. నోరు ఖాళీ అయ్యాక చెబుతాడు.

"అంతా అబద్ధం. ఆవిడ ఏ పుస్తకంలోనూ ఒక్క అక్షరం వదిలే మనిషి కాదు. బ్రేకులు బాగానే పడ్డాయి. నాకు నడుము నొప్పి ఎప్పుడూ లేదు. అసలు మాకు వ్యానే లేదు."