మా మరిది నెత్తురులోని మంద

మా ఆయన తమ్ముడు ఊత్ న్యాన్. మా డోంగ్ థాప్ ప్రాంతం పొలాల్లో బాతులు కాసేవాడు. కోత అయిన మళ్లలో రాలిన గింజలు ఏరుకుంటూ మంద ముందు నడిస్తే, వెనక కర్ర పట్టుకుని వీడు. తెలివి తక్కువని నేననను, పొదుపు ఎక్కువ. ఆ ఏడు మామగారి తద్దినానికి తలవాల్చిన బాతునే కోశాడు. మా వైపు విందంటే బాతు పచ్చి నెత్తురు ఉండాల్సిందే, దాన్ని గడ్డకట్టించి, పైన వేరుశనగ పలుకులు చల్లి పెట్టకపోతే చుట్టాలు నవ్వుతారని వాడి బాధ. జబ్బు బాతురా అని నేను గిన్నె తోసేశాను. పరువు కోసం నా వంతు కూడా వాడే తిన్నాడు.

ఆరో రోజుకి ఊపిరి అందలేదు. పట్నం ఆసుపత్రిలో పన్నెండు రోజులు గొట్టం మీద బతికాడు. డాక్టర్ ట్రూక్ అనే అమ్మాయి నాకు విడమరిచి చెప్పింది. బర్డ్ ఫ్లూ వైరస్ ఊపిరితిత్తుల్లో దూరగానే ఒంట్లోని కాపలా కణాలు కట్టకట్టుకుని పైన పడతాయట. పాకలో పాము దూరిందని పదిమంది కర్రలతో దూకితే పాముకన్నా బాతులే ఎక్కువ చస్తాయి కదా, అదే తంతు. వీడి అదృష్టం, గురి చూసి జబ్బు పట్టిన కణాన్నే చంపే రకం వేళకు దిగింది. నేను బడికి వెళ్లింది రెండేళ్లే, అయినా ఒక్కసారికే అర్థమైంది.

వాడు లేచి కూర్చున్నాక అసలు పేచీ మొదలైంది. ఇంత ముదిరాక బయటపడేవాళ్లు అరుదు. కోలుకున్న ఒంట్లో ఏం మిగిలిందో చూడాలంటే వాడి నెత్తురే కావాలి, అదీ ఏడాది పొడుగునా అంది ట్రూక్. వాడు చెయ్యి దుప్పట్లో దాచుకున్నాడు.

"నెత్తురు తీస్తే సత్తువ పోద్ది. మంద వెనక ఎవరు నడుస్తారు, నువ్వా?"

"గిన్నెడు బాతు నెత్తురు నాకినప్పుడు ఏమైందిరా ఈ భయం?" అన్నాను.

"అది బాతుది వదినా, ఇది నాది!"

వార్డంతా నవ్వింది. ట్రూక్ మాత్రం నవ్వలేదు. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

"బాబాయ్, ఆ వైరస్‌తో పోరాడిన కణాల్లో కొన్ని దాన్ని గుర్తుపెట్టుకుని నీ ఒంట్లోనే ఉండిపోతాయి. ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలీదు."

"ఎన్నో తెలీదా?"

"లెక్కపెట్టనిస్తేగా!"

వాడి మొహం మారిపోయింది. బాతులు కాసేవాడు మంద లెక్క చూసుకోకుండా ఏ సాయంత్రమూ అన్నం ముట్టడు. "నా మంద ఎంతుందో తెలీకుండా ఎట్టా పడుకునేది?" అంటూ చెయ్యి చాపి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆ ఏడాదంతా నెలనెలా వెళ్లాడు. లెక్క తగ్గిందంటే చాలు, నక్క పట్టుకెళ్లిందా అని ఆ అమ్మాయిని నిలదీసేవాడు. తగ్గడం మామూలేనని ఎంత చెప్పినా వినేవాడు కాదు. ఇంటికొచ్చి నాలుగు గుడ్లు ఉడకబెట్టించుకుని తినేవాడు, మందకు మేతట!