కమ్మలు కనపడని ఫొటో: ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా

నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నాకు చేతకాదని మా గైడుగారికి గట్టి నమ్మకం. ఆయన్ని అనడానికేం లేదు. తిరుపతిలో పీహెచ్‌డీలో చేరినప్పటి నుంచి నేను ఇచ్చిన ప్రసంగాలన్నీ ఆన్‌లైన్‌లోనే, కెమెరా ఆపేసి, కాగితం చూసి చదివినవే. అందుకే ఆత్మకూరులో ఒక డిగ్రీ కాలేజీవాళ్లు తాగునీటి మీద సైన్సు సదస్సు పెడుతున్నారని తెలియగానే నన్ను అడక్కుండా నా పేరు పంపేశారు. ఉదయగిరి, వరికుంటపాడు మధ్య ఊళ్లలో బోరునీళ్లలో ఫ్లోరైడు ఎంత ఉందో, చిన్నప్పటి నుంచి అవి తాగినవాళ్ల పళ్లు ఏమవుతాయో చూడటం నా పని. "నీ పనంతా ఆ చుట్టుపక్కలే కదమ్మా, వెళ్లి మనుషుల మొహాలు చూస్తూ చెప్పు" అన్నారు. అటువైపు సదస్సుకో, ఉదయగిరి కొండ ఎక్కడానికో వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. దారి సంగతులు ఎటూ ఉంటాయి. వాటితోపాటు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేకపోతున్న సంగతి ఒకటి ఉంది, అదీ చెబుతాను.

ప్రసంగానికి ఎలా సిద్ధం కావాలో ఇంటర్నెట్‌లో బోలెడు సలహాలున్నాయి. అన్నీ పాటించాను. అద్దం ముందు చెప్పాను, హాస్టల్లో పక్కగది అమ్మాయిని బలవంతాన కూర్చోబెట్టి చెప్పాను, ఫోన్లో రికార్డు చేసుకుని విని నా గొంతు మీద నేనే విసుక్కున్నాను. గైడుగారు నా పట్టికల్లో సగం కొట్టేసి, "ఇవేవీ ఎవరికీ గుర్తుండవు. గుర్తుండేది ఒక్క ఫొటో. అది మధ్యలో పెట్టు" అన్నారు. ఆ ఫొటో మస్తానమ్మక్కది.

మస్తానమ్మక్క వాళ్లది వరికుంటపాడు వెళ్లే దారిలో చెరువుకట్ట కింద ఓ చిన్న కాలనీ. కూలిపని, చెరువులో నీళ్లున్నప్పుడు చేపలు. నీళ్ల శాంపిళ్ల కోసం తిరిగినన్నాళ్లూ మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పుకున్నది వాళ్ల వసారాలోనే. నలభై దాటిన మనిషి, నవ్వితే నోరంతా తెరిచి నవ్వుతుంది. పళ్లు గోధుమరంగుకు తిరిగి గుంటలు పడ్డాయి. కాలనీలో సగం మంది పళ్లు అంతే కాబట్టి ఆమె దాని గురించి ఎప్పుడూ ఇదైపోయింది లేదు. పోయిన ఎండాకాలం ఫొటో అడిగితే, "తీసి యాడ చూపిస్తావు మేడం?" అంది. పెద్ద హాల్లో, సినిమా తెరంత తెరమీద, పెద్ద పెద్ద సైంటిస్టుల ముందు అని నేను గొప్పగా చెప్పాను. "అయితే ఉండు" అని లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. వాళ్ల అత్తను నేను అవ్వ అంటాను. ఆమె తన చెవుల బంగారు కమ్మలు తీసి కోడలి చెవులకు పెట్టింది. "అంతమంది ముందరికి బోసి చెవులతో పోతావా?" అని కసిరింది కూడా. అక్క గోడకు ఆనుకుని నోరారా నవ్వింది. నేను తీసిన ఫొటోల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

స్లైడు తయారుచేసేటప్పుడు దాన్ని పళ్ల వరకు కత్తిరించాను. ఇలాంటి ఫొటోల్లో మనిషి ఎవరో తెలియకూడదని మా పరిశోధనల్లో నియమం ఉంది, మంచి నియమమే. కానీ ఉన్నమాట చెప్పాలంటే నేను నియమం తలుచుకుని కత్తిరించలేదు, పళ్లు పెద్దగా కనపడాలని కత్తిరించాను. నియమం తర్వాత గుర్తొచ్చింది. గుర్తొచ్చాక హాయిగా కూడా అనిపించింది.

ఇక ప్రయాణం. తిరుపతి నుంచి పొద్దుటి రైల్లో నెల్లూరు, అక్కణ్ణుంచి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లే బస్సు. మూడు గంటలు పడుతుంది, కుడివైపు ఎడమవైపు అని చూసుకోకుండా దొరికిన కిటికీలో కూర్చోండి. సంగం దగ్గర పెన్న మీద బ్యారేజీ, కాలవల కింద పచ్చటి వరి. ఆత్మకూరు దాటాక నేల ఎర్రబడుతుంది, రాళ్లగుట్టలు, చిట్టడవి మొదలవుతాయి. ఇప్పుడు ఆడవాళ్లకు ఈ బస్సుల్లో టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు మాత్రం చేతికందేలా పెట్టుకోండి. నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కార్డును బ్యాగు అడుక్కి తోసేశాను. "ఆ డబ్బా తర్వాత చూసుకుందువుగానీ, కార్డు తియ్యమ్మా. నీ యెనకాల ఇంకా బస్సంతా ఉండారు" అని కండక్టరు విసుక్కున్నాడు.

సదస్సు ఆత్మకూరులో అయితే ముందు ఉదయగిరి దాకా ఎందుకంటే, కాలనీ బోరు నుంచి ఒక శాంపిలు బాకీ ఉంది. పైగా ఉదయగిరిలో గది చవక. బస్టాండు దగ్గర ఐదారు వందలకు దొరికింది, వేడినీళ్లు అడిగితే బకెట్టుతో తెచ్చిస్తారు. కొండ కిటికీలోంచే కనపడుతుంది. దానిమీది కోట చూడాలనుకునేవాళ్లు తెల్లవారుతుండగానే బయలుదేరండి, నీళ్లు మోసుకెళ్లండి, పైన ఏమీ దొరకదు. ఊళ్లో చెక్కగరిటెలు చేసి అమ్మే ఇళ్లున్నాయి. గైడుగారి కోసం సన్నటి నగిషీ ఉన్న చెంచా ఒకటి కొన్నాను.

సాయంత్రం షేర్ ఆటోలో కాలనీకి వెళ్లాను. శాంపిలు సీసా నింపుకుని వాళ్ల వసారాలోకి వచ్చేసరికి అవ్వ మంచం మీద నా బ్యాగు పక్కనే కూర్చుని ఉంది.

"రేపేనా మేడం?" అంది మస్తానమ్మక్క.

"రేపే అక్కా."

"నా బొమ్మ ఉండాదా అందులో?"

"ఉంది."

"అయితే మేమూ వస్తాం. ఆడోళ్లకి టికెట్టు లేదు గదా ఇప్పుడు. అత్త గూడా చూడాలంటా ఉండాది."

అవ్వకు చూపు బాగా మందగించింది. "ఇంట్లో మనుషులే సరిగా ఆనరు అమ్మణ్ణీ నాకు. అంత పెద్ద తెరంటే ఆనద్దేమోలే" అంది.

అప్పుడు చెప్పాలి. ల్యాప్‌టాప్ అవ్వ మోచేతి దగ్గరే ఉంది. తెరిచి, "అక్కా, మొహం కోసేశాను, పళ్లే పెట్టాను" అంటే అయిపోయేది. కోప్పడేదో, నవ్వేసేదో, ఏదో ఒకటి ఆ వసారాలోనే తేలిపోయేది. కూలి మానుకుని వీళ్లెక్కడ వస్తారులే అని నాకు నేను సర్దిచెప్పుకుని, "తప్పకుండా రండి" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు ఎంత తియ్యగా ఉందో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున బస్టాండు ఎదురు టిఫిన్ హోటల్లో కారం దోశ ముందు పెట్టుకుని నా ప్రసంగం గొణుక్కుంటున్నాను. పెనం దగ్గరున్నాయన కాసేపు చూసి, "ఎవురితోనమ్మా కొట్లాట? దోశ చల్లారిపోతా ఉండాది" అన్నాడు. ఆత్మకూరులో మీటింగులో మాట్లాడాలని చెప్పాను. "నీళ్ల గురించా? మా నీళ్లు బాగలేవని మాకు తెలీదా ఏంది. బాగు చేసే మాట ఏదన్నా ఉంటే చెప్పు" అని ఇంకో గరిటె చట్నీ వేశాడు. రెండు దోశలు, టీ కలిపి వంద లోపే. ఏడింటి బస్సెక్కితే కాలేజీకి ఆటోలో తొమ్మిదికల్లా చేరిపోవచ్చు.

ప్రసంగం ఇచ్చేవాళ్లు ముందుగా వెళ్లి తీరాలి. నా స్లైడుల్లో తెలుగు అక్షరాలు వాళ్ల కంప్యూటర్లో డబ్బాలు డబ్బాలుగా కనపడ్డాయి. సొంత ల్యాప్‌టాప్ తగిలించి, రిమోటు నొక్కి చూసుకుని, ఎర్రచుక్క పడే పాయింటరు సరిచూసుకునేసరికి ప్రారంభ సభ మొదలైంది. నా వంతు భోజనాలకు ముందు. ముందు వరుసల్లో ప్రొఫెసర్లు, వెనక ఎన్‌సీసీ పిల్లలతో సహా కాలేజీ విద్యార్థులు. మొదటి రెండు స్లైడులు కాగితం చూసి చదివాను, మూడోదానికి కాగితం బల్ల మీద పెట్టేశాను. నిజంగా మొహాలు చూస్తూ చెబుతున్నాను, వాళ్లు తలలూపుతున్నారు. నాకు భలే గర్వం వచ్చింది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

మస్తానమ్మక్క పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. చేత్తో అవ్వను నడిపించుకుంటూ చివరి వరుసకు ముందు వరుసలో కూర్చోబెట్టింది. అవ్వ చెవులు బోసిగా ఉన్నాయి. కమ్మలు అక్క చెవులకున్నాయి. ఫొటోలో ఉన్నది తనేనని హాల్లోవాళ్లు పోల్చుకోవడానికి అవే పెట్టుకుని వచ్చిందని నాకు చూడగానే అర్థమైంది.

తర్వాతి స్లైడు ఆమెదే. రిమోటు రెండుసార్లు నొక్కితే దాటిపోతుంది. అధ్యక్షులు టైమైపోతోందని గంట కొట్టారు కూడా, దాటేస్తే ఎవరూ తప్పుపట్టరు. కానీ నా ప్రసంగమంతా ఆ ఫొటో కోసమే కట్టుకున్నది. ఒక్కసారే నొక్కాను.

తెర నిండా పళ్లు. గోడంత పళ్లు, మధ్యలో గుంటలు, చిగుళ్ల దగ్గర నల్లటి చారలు. వెనక పిల్లల్లోంచి "అబ్బా" అని ఒకరు, ఆ వెంటనే పొంగుకొచ్చిన నవ్వు. నేను బాగా సాధన చేసి ఉన్నాను, నోరు ఆగలేదు. "ఇది చాలా ముదిరిన దశ, గమనించండి" అంటూ ఎర్రచుక్కను ఒక్కో పంటి మీదా తిప్పాను.

నవ్వు తగ్గాక అవ్వ గొంతు హాలంతా వినిపించింది. "మస్తానమ్మా, వచ్చినావా తెర మీదికి?"

"వచ్చినానత్తా" అంది అక్క. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది.

మిగతాది ఎలా ముగించానో గుర్తులేదు. చప్పట్లు బాగానే కొట్టారు. ఆ ఒక్క ఫొటో పట్టికలన్నిటికంటే బాగా చెప్పిందని అధ్యక్షులు మెచ్చుకుని శాలువా కప్పారు. దాన్ని మడిచి చంకలో దాచుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాను. "బాగా చెప్పినావు మేడం, తడబడలా" అంది అక్క, ఏ ఎత్తిపొడుపూ లేకుండా. ఒక మాట అనుంటే నాకు కాస్త తేలికయ్యేది. భోజనాల దగ్గర కూడా కొంగు నోటి మీదే ఉంది. సాంబారు వడ్డిస్తున్న వంటాయన, "కొంగు తియ్యమ్మా, అన్నం ఎట్టా తింటావు?" అన్నాడు. అన్నాళ్లు వాళ్ల వసారాలో కూర్చున్నాను, ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అంతకుముందు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చున్నప్పుడు మొదలుపెట్టాను. "అక్కా, మొహం చూపించకూడదని మాకో రూలుంది..." అని. వింటుంటే నాకే అసహ్యం వేసింది.

"రూలయితే రూలే. నేను కాదన్నానా" అంది ఆమె మెల్లగా. "నిన్ననే చెప్పుంటే అత్త చెవులు బోసి చేసి రాను గదా."

పక్కనుంచి అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నాకు తెల్లగా ఏందో మసగ్గా ఆనింది అమ్మణ్ణీ, అంతే. కమ్మలు కనపడినాయా అందరికీ?"

మస్తానమ్మక్కే అంది, "కనపడినాయిలే అత్తా. మెరిసినాయి."

ఏం చెయ్యాలో తోచక ఫోను తీశాను. కమ్మలతో, మొహమంతా వచ్చేలా ఒక ఫొటో తీస్తాను, పెద్దది చేయించి ఇంటికి తెస్తాను అన్నాను. అక్క వద్దనలేదు. కమ్మలు సర్దుకుని, పూలు ముందుకు వేసుకుని నిటారుగా కూర్చుంది. "నవ్వక్కా" అన్నాను. నవ్వింది, పెదాలు గట్టిగా మూసుకుని. ఇంతలో బస్సొచ్చింది.

ఆ ఫొటో, ఎండాకాలం ఫొటో రెండూ నా ఫోన్లో పక్కపక్కనే ఉన్నాయి. ఒక దాంట్లో మనిషి నోరారా నవ్వుతోంది, రెండోదాంట్లో నోరు మూసుకుంది. మధ్యలో ఉన్నది నా ప్రసంగం. ఫ్లోరైడు ఆమె పళ్లను పాడుచేసింది గానీ నవ్వును ఏమీ చేయలేకపోయింది, ఆ పని నేను చేశాను. గైడుగారు ఫోన్ చేసి ఇంకో సదస్సుకు పంపిస్తానంటే వద్దనాలనిపించింది, వద్దనలేదు. ఎండాకాలం ఫొటో పెద్దది చేయించి చుట్టి బీరువా మీద పెట్టాను. అది పట్టుకుని ఆ వసారా ఎక్కే ధైర్యం ఇంకా రాలేదు.

చివరిగా ఒక్క సలహా. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి సాయంత్రం దాకా బస్సులు బాగానే ఉన్నాయి, ఆ తొందర పెట్టుకోకండి. మీ స్లైడులో ఒక మనిషి ఉంటే మాత్రం హాలుకంటే ముందు ఆ మనిషి ఇంటికెళ్లి, మంచం మీద కూర్చుని, ఆ ఒక్క స్లైడు తెరిచి చూపించండి. ఛార్జింగు కూడా పెద్దగా అవదు.