నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా

మా చిన్నప్పుడు మధ్యాహ్నం పూట దండెం మీద బట్టలు ఉంచేవాళ్ళం కాదు... ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయిందంటే కాసేపటికే గోదావరిఖనిలో మా క్వార్టర్ల మీద నల్లటి దుమ్ము దిగేది. అమ్మ బిందెలకు గుడ్డ కట్టేది. టీవీకి పాత చీరతో కుట్టిన ముసుగు తొడిగేది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు దానికో గుడ్డ వెతకడం మా అలవాటు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది.

అన్న అప్పుడు ఇంటర్. కంప్యూటర్ ఆటలంటే పిచ్చి. ఆడటమే కాదు, అలాంటివి తయారు చేయడం నేర్చుకుంటానని, హైదరాబాద్‌లో కోర్సు చేస్తానని అనేవాడు. నాన్నను మేం బాపు అనేవాళ్ళం; బాపు లాగా బాయిలోకి, అంటే బొగ్గు గనిలోకి, మాత్రం దిగనని అనేవాడు. లాభాల బోనస్ వచ్చిన ఏడాది బాపు ఒప్పుకున్నాడు.

"ఒక్కసారే కొంట. మంచిగ చూస్కొని ఎంచుకో. మళ్ల మళ్ల నాతోని కాదు."

చిక్కంతా ప్రాసెసర్ దగ్గర వచ్చింది... రెండు కంపెనీలవి ఉండేవి. ఒకటి నీలం డబ్బాలో, ఇంకొకటి ఆకుపచ్చ డబ్బాలో. మేం పేర్లు పలికేవాళ్ళం కాదు, రంగులే చెప్పుకునేవాళ్ళం. అన్నకు ఇంగ్లీషు అంతంత మాత్రం. కాన్వెంట్ పిల్లను కాబట్టి కంప్యూటర్ పత్రిక చదివి చెప్పే పని నాది. బయట నోరు విప్పని నేను ఆ నెల రోజులూ బియ్యం డ్రమ్ము మీద కూర్చుని పంతులమ్మలా మాట్లాడాను.

"ఆటలల్ల ఏది ఉరుకుతది చెల్లె?"

"ఆకుపచ్చది."

"మరి నీలందాంట్ల ఏమున్నది?"

"వేడి తక్కువట అన్నా."

"వేడికేంది! రామగుండం ఎండల పుట్టినోళ్లం, మనకు వేడి చెప్తున్నరా?"

మంచిర్యాల షాపాయన కూడా చెప్పి చూశాడు. "తమ్మీ, మన ఎండలకు నీలందే నయం. నా మాట ఇను."

అన్న వినలేదు. "నేనే ఎంచుకున్న. ఏదన్నయితే నాదే పూచీ" అన్నాడు.

కంప్యూటర్ వచ్చిన రోజు బాపు షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, దాని చుట్టూ తిరిగి చూశాడు. బాయిలో ఆయన పని గాలిది. భూమి కింద బొగ్గు తీసేవాళ్ళకు గాలి అందేలా పరదాలు కట్టడం, తలుపులు చూసుకోవడం. కంప్యూటర్ డబ్బా వెనక అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు.

"గాలి ఇటుకెళ్లి బయటికి పోతున్నది. మరి లోపలికి ఎటుకెళ్లి వస్తది బిడ్డా?"

పత్రికలోని పట్టికలన్నీ చదివిన నేను నవ్వి ఊరుకున్నాను.

"ఇదేమన్న బాయా బాపు?" అన్నాడు అన్న.

"బాయైతేంది, డబ్బైతేంది... గాలి గాలే గదరా" అని బాపు కూడా నవ్వాడు.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు డబ్బా వెనక జాలీ మీద వేలు పెడితే నల్లగా అంటింది. అమ్మ దీనికీ కుట్టిన ముసుగు ఆడేటప్పుడు తీసేస్తాం కదా, మరి అప్పుడు దుమ్ము లోపలికి పోదా అనిపించింది. అన్న ఇంట్లో లేడు. నా పాత యూనిఫాం స్కర్టు చింపి, మడతలు పెట్టి, వెనక ఉన్న ప్రతి సందులోనూ కుక్కాను. ముందు వైపు కింద జాలీలో కూడా, పైకి కనిపించకుండా... ఎంత నీటుగా చేశానో. అన్నకు చెప్పలేదు. మంచి పని చేసి చెప్పుకోకూడదని బడిలో సిస్టర్లు నేర్పారు.

మర్నాడు మధ్యాహ్నం అన్న ఆడుతుండగా కాలిన వాసన వచ్చింది. తెర నల్లబడింది. అన్న స్విచ్ నొక్కుతూనే ఉన్నాడు... తర్వాత పక్క క్వార్టర్లో ఉండే ఎలక్ట్రీషియన్ కాకను పిలవడానికి పరుగెత్తాడు.

అప్పుడు ఆ గుడ్డలన్నీ లాగేశాను. వేడిగా ఉన్నాయి. తీసుకెళ్ళి బొగ్గుల పొయ్యిలో వేశాను.

మంచిర్యాలలో షాపాయన డబ్బా విప్పి చూశాడు. "చెప్పిన గదా తమ్మీ. మాడిపోయింది. బోర్డు గూడ పోయింది."

"నాదే తప్పు బాపు. నీలందే కొనాల్సుండె" అన్నాడు అన్న. తల ఎత్తలేదు. నేను పక్కనే ఉన్నాను.

మళ్ళీ కొనలేదు. అన్న ఏదీ ఎంచుకోవడం మానేశాడు. పండక్కి చొక్కా రంగు కూడా నన్నే చెప్పమనేవాడు.

మూడేళ్ళకు బాపు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇక పని చేయలేడని దవాఖానలో రాసిచ్చారు. అలాంటప్పుడు ఆ ఉద్యోగం కొడుకుకు ఇచ్చే పద్ధతి ఉండేది. అదే నెలలో అన్నకు హైదరాబాద్ కోర్సులో సీటు వచ్చింది. బాపు రెండు కాగితాలూ మంచం మీద పెట్టాడు.

"నీ ఇష్టం కొడుకా."

అన్న సీటు కాగితాన్నే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

"నేను ఎంచుకుంటే ఏమైతదో చూసినవ్ గదా బాపు... నువ్వే చెప్పు."

బాపుకు తెలిసిన దారి ఒక్కటే. అదే చెప్పాడు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. గుడ్డలు కుక్కింది నేనేనని ఒక్క మాట చాలు... అనలేదు.

ఇప్పుడు బాపు లేడు. ఆ క్వార్టర్ లేదు. అన్న అదే బాయిలో, అదే గాలి పనిలో పరదాలు కడుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "చెల్లె, పిలగానికి కంప్యూటర్ కొనాలె. ఏది తీస్కోమంటవ్? ఆకుపచ్చ డబ్బాది మాత్రం చెప్పకు తల్లీ" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఈ రోజుల్లో కంప్యూటర్ కాలిపోయే ముందు తనంతట తనే ఆగిపోతుందట... మీ ఇంటికి మొదటి కంప్యూటర్ ఎలా వచ్చిందో, ఎన్నాళ్ళుందో కింద కామెంట్లలో రాయండి. అన్నీ చదువుతాను.

అన్న ఇలాంటి బ్లాగులేవీ చదవడు. అందుకే ఇక్కడ రాయగలిగాను.